మెడలో బిళ్ళ, దండకు తాయెత్తు

మేము ఉర్దూ మీడియం పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పుకునే వాళ్ళము. తెలుగులో వ్యాసం వ్రాయుట మాకు అంత అలవాటైన పని కాదు. తప్పులుంటే పాఠకులు మన్నించాలి. సావనీరుకు ఏదైనా చరిత్ర విషయం వ్రాసి ఇమ్మని సంఘం పెద్దలు అడిగినప్పుడు టిప్పు సుల్తాను గురించో, కులీ కుతుబ్ షా గురించో వ్రాద్దామనుకున్నాము. కాని వారిని గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉన్నారు. చాలాకాలంగా మా మనసులో మెదులుతున్న మరొక సంగతి ఉన్నది. అది ఒక చిన్న బిళ్ళ కథ. పాత పావలా కాసంత కూడా ఉండదు.

కొన్నేళ్ళ క్రితం మా అమ్మగారికి కడుపులో ఆపరేషను చేయవలసి వచ్చి ఒక ఆసుపత్రిలో చేర్చాము. థియేటరుకు తీసుకుపోయే ముందు ఒంటి మీద ఉన్నవన్నీ తీయాలన్నారు. గాజులు తీశారు, ముక్కుపుడక తీశారు. దండకు కట్టిన తాయెత్తు దగ్గరికి వచ్చేసరికి మా అమ్మ చెయ్యి వెనక్కు లాక్కున్నది. అది పెళ్ళినాడు మా నానాగారు కట్టించినది. మేము ఎంత నచ్చచెప్పినా వినలేదు. అప్పుడు డ్యూటీలో ఉన్న నర్సమ్మ దగ్గరకు వచ్చి కూర్చుని, "నేను పారెయ్యనమ్మా, నీ దిండుకే పెడతాను, చూస్తూ ఉండు" అని, తాయెత్తును మెల్లగా విప్పి గాజుగుడ్డలో చుట్టింది. గుచ్చడానికి ఏమీ కనబడలేదు. తన యూనిఫారం లోపలి అంచు నుండి ఒక పిన్నీసు తీసింది. ఆ పిన్నీసుకు ఒక చిన్న తెల్లని బిళ్ళ వేలాడుతున్నది. బిళ్ళను జేబులో వేసుకుని, ఆ పిన్నీసుతో మా అమ్మ తాయెత్తును దిండు గలీబుకు గుచ్చింది. మా అమ్మ చెయ్యి వదిలింది.

"అదేమి బిళ్ళమ్మా?" అని తరువాత అడిగాము.

"మరియమాత బిళ్ళ మాస్టారూ. గుణదల తిరునాళ్ళలో మా అమ్మ కొనిచ్చింది. ఇంట్లో మెడలో ఉంటుంది, స్నానానికి కూడా తీయను. డ్యూటీలో కనబడకూడదుగా, అందుకని లోపల గుచ్చుకుంటాను."

ఆపరేషను జరిగినంతసేపు వరండాలో కూర్చుని దుఆలు చదువుకుంటూనే ఆ బిళ్ళను గురించి ఆలోచించాము. ఆ తరువాత దొరికినచోటల్లా చదివాము. చదివినంతలో వ్రాస్తున్నాము.

ఆ బిళ్ళ పుట్టినది పారిస్ నగరంలో, రూ ద్యు బాక్ అనే వీధిలోని ఒక మఠంలో. 1830వ సంవత్సరం. కేథరిన్ లాబురే అనే పల్లెటూరి రైతుబిడ్డ, 1806లో బర్గండీ ప్రాంతంలో పుట్టినది, ఆ ఏడు అక్కడ కన్యస్త్రీగా శిక్షణ పొందుతున్నది. జూలై నెలలో ఒక రాత్రి, మరల నవంబరు 27న, హజ్రత్ మర్యమ్ తనకు దర్శనమిచ్చారనీ, ఒక నమూనా చూపించి దాని ప్రకారం బిళ్ళ చేయించమన్నారనీ ఆమె తన గురువు ఆలదెల్ ఫాదరీగారికి చెప్పింది. ఆయన వెంటనే నమ్మలేదు. రోజులు కూడా మంచివి కావు. ఆ జూలై చివరనే పారిస్‌లో తిరుగుబాటు వచ్చి పదవ చార్లెస్ రాజు సింహాసనం పోగొట్టుకున్నాడు. జనం ఆర్చిబిషప్ గారి భవనం మీద పడి దోచుకున్నారు. ఆర్చిబిషప్ ద కెలెన్ గారే దాక్కొని తిరిగే పరిస్థితి. అటువంటి కాలంలో ఒక అమ్మాయి కల గురించి ఎవరు వింటారు! అయినా 1832లో ఆయన అనుమతి ఇచ్చారు. వాషెత్ అనే కంసాలి మొదటి విడతగా 1500 బిళ్ళలు తయారుచేసి జూన్ 30న ఇచ్చాడు.

బిళ్ళ మీద ఏమున్నదంటే, ఒకవైపు మరియమాత భూగోళం మీద నిలబడి, పాదం క్రింద సర్పాన్ని తొక్కి, చేతుల నుండి కిరణాలు వెదజల్లుతూ ఉంటారు. చుట్టూ తనను శరణు కోరిన వారి కొరకు ప్రార్థించమని అడిగే మాటలు. రెండోవైపు ఎమ్ అక్షరం, దానిపై సిలువ, క్రింద రెండు హృదయాలు, చుట్టూ పన్నెండు నక్షత్రాలు. అంతే.

ఇది ఇంత ప్రచారం కావడానికి కారణం మన దేశం నుండి పోయినదని చెబితే పాఠకులు ఆశ్చర్యపోతారు. 1817లో గంగా ముఖద్వారాన జెస్సోరు వైపు మొదలైన కలరా, ఒక దఫా తగ్గి, మరల లేచి, రష్యా, పోలెండుల మీదుగా 1832 వసంతానికి పారిస్ చేరింది. ఆ ఒక్క నగరంలో ఆ ఏడు 18 వేలకు పైగా చనిపోయారు. నీళ్ళ ద్వారా ఆ రోగం వస్తుందని అప్పటికి డాక్టర్లకే తెలియదు. ఆ కన్యస్త్రీలు రోగుల మంచాల దగ్గర తిరుగుతూ ఈ బిళ్ళలు పంచారు. బ్రతికినవారు బిళ్ళ వలననే బ్రతికామన్నారు. చనిపోయినవారు చెప్పుకోవడానికి లేరు కదా! చరిత్ర చెప్పేవాళ్ళము గనుక ఈ మాట అనకుండా ఉండలేము. కాని ఒక సంగతి కూడా ఒప్పుకోవాలి. అందరూ పారిపోతున్న నగరంలో రోగి మెడలో బిళ్ళ వేయడానికి వంగిన మనిషి ఒకరున్నారు. ఆ వంగడం అబద్ధం కాదు. కొద్ది సంవత్సరాలలోనే బిళ్ళలు లక్షల సంఖ్యలో పోయాయి. జనమే దానికి అద్భుతాల బిళ్ళ అని పేరు పెట్టారు.

మమ్ములను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ కేథరిన్ గారి తరువాతి జీవితం. ఆమె పేరు బయటకు రాలేదు. పారిస్ తూర్పున రెయీ అనే చోట ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళ బట్టలు, భోజనం చూసుకుంటూ, కోళ్ళనూ ఆవులనూ మేపుతూ నలభై ఏళ్ళకు పైగా గడిపింది. ప్రక్కన కూర్చుని తినే తోటి కన్యస్త్రీల మెడల్లో ఆ బిళ్ళే ఉన్నది. అది ఎవరికి కనబడిన బిళ్ళో వారికి తెలియదు. 1876లో, చావు దగ్గరపడిన తరువాత, తన పైఅధికారిణికి చెప్పి, ఆ డిసెంబరు 31న కన్నుమూసింది. 1947లో పోప్ పన్నెండవ పయస్ గారు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు.

ఈ బిళ్ళ పేరు వినగానే కథోలికులు చెప్పే మరొక కథ ఉన్నది. స్ట్రాస్‌బర్గు యూదు బ్యాంకరు కుటుంబానికి చెందిన ఆల్ఫోన్స్ రాటిస్బాన్ అనే యువకుడు, ఒక మిత్రుడు పందెం వేసినట్లు పట్టుబడితే తమాషాకు ఈ బిళ్ళ మెడలో వేసుకున్నాడు. 1842 జనవరి 20న రోము నగరంలో ఒక చర్చిలో అతనికీ దర్శనమైంది. మతం మారి ఫాదరీ అయ్యాడు. ఇటువంటి కథలు ప్రతి మతంవారి దగ్గరా ఉన్నాయి. ఎదుటివాడు మనవైపు వచ్చిన కథను అందరమూ గొంతెత్తి చెప్పుకుంటాము. మనవాడు అటు పోయిన కథను చెప్పుకోము.

బిళ్ళలు మాత్రం 1830కి చాలా ముందువే. యూరోపులో యాత్రలకు పోయినవారు గుర్తుగా ఏదో ఒకటి ధరించి తిరిగివచ్చేవారు. స్పెయిన్‌లోని సాంతియాగోకు పోయినవారు టోపీకి ఆల్చిప్ప కుట్టుకునేవారు. 1170లో హత్యకు గురైన తామస్ బెకెట్ సమాధి ఉన్న కాంటర్బరీ నుండి సీసం, తగరం కలిపి పోతపోసిన గుర్తులు తెచ్చుకునేవారు. మన హాజీలు జమ్‌జమ్ నీరు, ఖర్జూరం, తస్బీహ్ తెచ్చినట్లే.

కార్మెల్ మఠంవారి ఉత్తరీయం ఇంకొకటి. రెండు చిన్న గోధుమరంగు ఉన్ని గుడ్డముక్కలు, వాటిని కలుపుతూ దారాలు. ఒక ముక్క ఎద మీద, ఒక ముక్క వీపు మీద పడేటట్లు చొక్కా లోపల వేసుకుంటారు. గుడ్డ చెమటకు నాని చినిగిపోతుంది కదా, 1910లో పోప్ పదవ పయస్ గారు దాని బదులు లోహపు బిళ్ళ ధరించవచ్చునని అనుమతి ఇచ్చారు. మన తాయెత్తు కాగితాన్ని మైనం పూసి, రాగి గొట్టంలో పెట్టి మూయడం కూడా చెమట బాధ వలననే.

ఉర్దూ మాస్టర్లము గనుక మాకు నచ్చిన బిళ్ళ వేరొకటి ఉన్నది. పునీత బెనెడిక్టు బిళ్ళ. దాని మీద సిలువ నిండా, అంచు చుట్టూ విడివిడి లాటిను అక్షరాలు. ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క మాటకు మొదటి అక్షరం. అన్నీ కలిపితే సైతానును పొమ్మనే ప్రార్థన. ఒక కాలంలో దాని అర్థమే మరచిపోయారు. 1647లో బవేరియాలో మంత్రగత్తెలని పట్టుకున్న కొందరు స్త్రీలను విచారిస్తే, మెట్టెన్ మఠం మీద తమ విద్య పారలేదనీ, అక్కడ సిలువ ఉన్నదనీ చెప్పారట. వెదికితే గోడల మీద ఆ అక్షరాలు, తరువాత గ్రంథాలయంలో 1415 నాటి వ్రాతప్రతిలో వాటి పూర్తి పాఠం దొరికాయి. మనవాళ్ళు బిస్మిల్లాహ్‌కు బదులు 786 వ్రాస్తారు గదా! అబ్జద్ లెక్కలో ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె. తొమ్మిది గళ్ళ తాయెత్తులో ఎటు కూడినా 15 వస్తుంది. అర్థం తెలిసి కట్టుకునేవారు తక్కువ. అర్థం తెలియదు గనుకనే దానికి బలం ఎక్కువ అనుకునేవారు ఎక్కువ. మా క్లాసులో ఆ గళ్ళు నల్లబల్ల మీద వేసి కూడికలు చేయించినప్పుడు పిల్లలు తమ మెడలు చూసుకున్నారు.

ఇంతవరకు భక్తి. ఇక బిళ్ళ వలన ప్రాణం మీదికి వచ్చిన కథలు చెప్పాలి.

ఇంగ్లండులో ఎలిజబెత్ రాణి కాలంలో 1571లో ఒక చట్టం చేశారు. రోము నుండి దీవించి తెచ్చిన మైనపు బిళ్ళలు, సిలువలు, బొమ్మలు, జపమాలలు దేశంలోకి తెచ్చి పంచినా, పుచ్చుకున్నా ఆస్తి జప్తు, జైలు. మెడలో దారం ఉన్నందుకు మనిషి రాజద్రోహుల సరసన చేరాడు. అదే 1571 అక్టోబరు 7న లెపాంటో సముద్రయుద్ధంలో ఉస్మానీ తుర్కుల నౌకాదళం ఓడిపోయింది. జపమాల చెప్పుకున్నందువలననే గెలిచామని పోప్ అయిదవ పయస్ గారు ఆ తేదీన పండుగ పెట్టారు. ఇప్పటికీ అక్టోబరు 7 జపమాల మాత పండుగ. మనకు అది ఓటమి రోజు. జపమాలలోని పూసలకూ మన తస్బీహ్ పూసలకూ ఏమి పగ ఉన్నది! రెండూ వ్రేళ్ళ మధ్య తిరిగేవే.

జపానులో జరిగినది ఇంకా ఘోరం. అక్కడ 1614లో క్రైస్తవాన్ని నిషేధించారు. నాగసాకి ప్రాంతంలో క్రైస్తవులను పట్టుకోవడానికి 1620ల చివర ఒక ఉపాయం కనిపెట్టారు. వారి దగ్గర జప్తు చేసిన యేసు, మరియమాత కంచు బిళ్ళలనే చెక్కలో బిగించి నేలమీద పెట్టి, ఊరివాళ్ళను ఒక్కొక్కరినీ త్రొక్కి దాటమనేవారు. దీనికి ఫుమి-ఎ అని పేరు. త్రొక్కనివాడు క్రైస్తవుడు. కాలు వణికినా అనుమానమే. జనం తొక్కి తొక్కి చెక్కలు అరిగిపోతే 1669లో ఒక కళాకారుని చేత 20 ఇత్తడి పలకలు పోతపోయించారు. ఇప్పుడు ఆ పలకలు తోక్యో మ్యూజియంలో ఉన్నాయి. వాటిపై ముఖాల కవళికలు లేవు, అరికాళ్ళకు అరిగిపోయాయి. ఏడాదికొకసారి కొత్త సంవత్సరం నాళ్ళలో, చంటిపిల్లల కాళ్ళు కూడా పట్టి ఆనించేవారు. 1850లలో గాని ఇది ఆగలేదు.

మరి అందరూ త్రొక్కితే ఆ మతం అక్కడ అంతరించాలి గదా? 1865 మార్చి 17న నాగసాకిలో కొత్తగా కట్టిన చర్చి దగ్గరికి ఉరకామి పల్లెవాళ్ళు కొందరు వచ్చారు. ప్రార్థన చేసుకుంటున్న పెతిజాన్ అనే ఫ్రెంచి ఫాదరీ చెవిలో ఒక స్త్రీ, మీ మనసు మా మనసు ఒకటే అని చెప్పి, మరియమాత విగ్రహం ఎక్కడ అని అడిగింది. ఏడు తరాలుగా, ఫాదరీలు లేకుండా, చర్చి లేకుండా, ఏటేటా బిళ్ళను త్రొక్కి ఇంటికి పోయి క్షమాపణ చెప్పుకుంటూ నిలిచిన కుటుంబాలు అవి. బయటపడినందుకు శిక్ష పడింది. 1868 నుండి ఆ పల్లెవాసులను మూడువేల మందికి పైగా దూరప్రాంతాలకు ప్రవాసం పంపారు. వందలమంది అక్కడే చనిపోయారు. 1873లో నిషేధం తీశారు.

ఈ జపాను కథ చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కారణం చెప్పుకోవాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మాకు ఆవేశం ఎక్కువ. నాలుగో తరగతిలో ఒక పిల్లవాడు మెడలో నాలుగు తాయెత్తులతో వచ్చేవాడు. ఇదంతా షిర్క్, మూఢనమ్మకం అని క్లాసులో అందరి ముందూ ఉపన్యాసమిచ్చి, కత్తెర తెప్పించి దారాలు తెంపి బల్ల సొరుగులో పడేశాము. పిల్లవాడు ఏడ్వలేదు. మెడ తడుముకున్నాడు. మరునాటి నుండి బడికి రాలేదు. ఎనిమిదో రోజున వాళ్ళ దాదీ వచ్చింది. కేకలు వేస్తుందనుకున్నాము. "మాస్టర్ సాబ్, వీడికి ముందు ఇద్దరు పోయారు. నాకు తెలిసిన మందు అదొక్కటే" అన్నది. సొరుగు లాగి తీసి ఇచ్చాము. మూడే ఉన్నాయి. నాలుగోది ఎంత వెదికినా దొరకలేదు. ఆమె మూడు కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

తాయెత్తు జాయిజా, నాజాయిజా అన్నది ఉలమాలు చెప్పవలసిన మాట. వారిలోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఖుర్ఆన్ ఆయతులు, అల్లాహ్ నామాలు ఉంటే, బలం అల్లాహ్‌దేనని నమ్మితే ఫర్వాలేదని కొందరు. ఏదీ కట్టరాదని కొందరు. క్రైస్తవులలోనూ ఇదే తగాదా. మన గుంటూరు, నెల్లూరు జిల్లాల్లో ఒకే పల్లెలో ఆర్.సి.యం. వాళ్ళు బిళ్ళ వేసుకుంటారు, బాప్టిస్టు, లూథరన్ వాళ్ళు వేసుకోరు. బొమ్మలలో దైవత్వం ఏదో ఉన్నదని నమ్మి వాటిని ఆశ్రయించరాదని కథోలికుల ట్రెంట్ మహాసభ 1563లోనే చెప్పింది. చెప్పినంత మాత్రాన తల్లులు వింటారా! ప్రయాణికుల పునీతుడు క్రిస్టోఫరు పండుగను 1969లో సర్వత్రా పాటించే జాబితా నుండి తీసివేస్తే, ఆయన పునీతుడే కాడన్నారని చాలామంది పొరపాటుపడ్డారు. డ్రైవర్లు మాత్రం ఆయన బిళ్ళను కారులోంచి తీయలేదు. మన ఇళ్ళలో ఊరికి పోయేవాడి దండకు ఇమామ్ జామిన్ రూపాయి కట్టే అమ్మలు కూడా ఎవరి ఫత్వా కోసమూ ఆగరు.

పాదుషాలకూ ఈ ముచ్చట తప్పలేదు. జహంగీరు 1614లో అజ్మీరులో జబ్బుచేసి తేరుకున్న తరువాత, ఖ్వాజా గారి బానిసనని గుర్తుగా రెండు చెవులూ కుట్టించుకుని ముత్యాలు పెట్టుకున్నానని తన ఆత్మకథలో వ్రాసుకున్నాడు. అది చూసి దర్బారులో వారందరూ చెవులు కుట్టించుకున్నారు. వారిలో భక్తి ఎందరిదో, నౌకరీ ఎందరిదో!

బిళ్ళ పుట్టిన పారిస్‌లోనే 2003 డిసెంబరులో ఒక సంఘం ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. ఏవి బడిలో పెట్టుకోవచ్చును, ఏవి కూడదు అని. చిన్న బిళ్ళలు, చిన్న సిలువలు, దావీదు నక్షత్రాలు, ఫాతిమా హస్తాలు, చిన్న ఖుర్ఆన్‌లు ఫర్వాలేదన్నారు. పెద్ద సిలువ, యూదుల టోపీ, మన ఆడపిల్లల తలగుడ్డ కూడదన్నారు. 2004 మార్చి 15న చట్టమైంది. లోపల దాచుకొనగలిగిన మతానికి అభ్యంతరం లేదు, బయటకు కనబడే మతానికి ఉన్నది. క్యూబెక్ రాష్ట్రంలో 2019లో ప్రభుత్వ బడుల టీచర్లే ఏ మతచిహ్నమూ ధరించరాదని చట్టం చేశారు. మన కర్ణాటకలో తలగుడ్డ తీర్పు వచ్చింది కూడా 2022 మార్చి 15నే, హైకోర్టులో. సుప్రీంకోర్టులో అదే ఏడు అక్టోబరు 13న ఇద్దరు జడ్జీలు రెండు విధాలుగా చెప్పారు. బడి గేటు దగ్గర నిలబడి పిల్లలను లోపలికి పిలుచుకునే ఉద్యోగం మాది. తలగుడ్డ చూసి గేటు మూయవలసివస్తే ఆ చేయి మాది కాకూడదని మా కోరిక. కత్తెర పట్టిన చేయి అది ఒకసారి.

2013 జనవరి 15న యూరోపు మానవహక్కుల కోర్టు ఒకేరోజు రెండు కేసులు తేల్చింది. విమాన సంస్థలో కౌంటరు దగ్గర పనిచేసే ఒకామె మెడలో చిన్న సిలువ బయటకు కనబడేటట్లు వేసుకోవచ్చునని ఆమె పక్షాన చెప్పింది. ఆసుపత్రి నర్సు మాత్రం ఓడిపోయింది. గొలుసును రోగి పట్టి లాగవచ్చు, పుండ్లకు తగలవచ్చు, ఆ విషయం ఆసుపత్రి వారికే బాగా తెలుసునని కోర్టు అన్నది. బ్రూచిలాగా గుచ్చుకోమని ఆసుపత్రి వారు ముందే సలహా ఇచ్చారట. ఆమె ఒప్పుకోలేదు.

మా నర్సమ్మ ఏ కోర్టూ చెప్పకుండానే పిన్నీసుతో గుచ్చుకున్నది. పదకొండో రోజున మా అమ్మను ఇంటికి పంపించారు. నర్సమ్మ వచ్చి, దిండు గలీబు నుండి గాజుగుడ్డ విప్పి, తాయెత్తు తీసి, "కుడి దండకా, ఎడమ దండకా అమ్మా?" అని అడిగి తానే కట్టింది. ముడి సరిగ్గా పడలేదని మా అమ్మ మరల కట్టించుకున్నది. తరువాత పిన్నీసును పమిటతో తుడిచి ఆమె అరచేతిలో పెట్టి, "ముందు నీది గుచ్చుకో బేటీ" అన్నది.